ఆడవాళ్ళు రచ్చబండ ఎక్కని ఊరు

మొన్న మా పెద్దమ్మ పెద్దకర్మకి ఊరికి పోయాను. భోజనాలయ్యాక కావలి బస్సు కోసం ఎదురుచూస్తూ కొందరు ఆడవాళ్ళు రచ్చబండ ఎక్కి కూర్చున్నారు. చెప్పులు కింద విడిచి, కాళ్ళు చాపుకుని, ఒకామె వక్కాకు నములుతూ, ఇంకొకామె ఫోనులో కూతురి మీద కేకలేస్తూ. పక్కనే వేపచెట్టు కింద మగవాళ్ళు నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ అది వింతగా తోచలేదు. బస్సొచ్చి వాళ్ళంతా లేచేదాకా నేను మాత్రం అటే చూస్తూ ఉండిపోయాను.

నా చిన్నప్పుడు ఆ బండ మీద ఆడమనిషి కూర్చోగా చూసింది లేదు. కూర్చోవడం దాకా ఎందుకు, దాని ముందునుంచి చక్కగా దారి ఉన్నా ఆడవాళ్ళు రామాలయం వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. ముందునుంచే పోక తప్పని రోజు వస్తే చెప్పులు చేతబట్టుకుని, కొంగు భుజాల నిండా కప్పుకుని, తల వంచుకుని గబగబా దాటేసేవాళ్ళు. మా అమ్మ నిండు బిందె చంకలో పెట్టుకుని కూడా ఆ సందులోంచే వచ్చేది. నీళ్ళు తొణికి ఆమె కుడివైపు చీరంతా ఎప్పుడూ తడిసే ఉండేది.

ఊరి పేరు ఇక్కడ అక్కర్లేదు. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, కలిగిరి చుట్టుపక్కల ఊళ్ళలో ఒకటి. చెరువు ఏ ఏటికో గానీ నిండదు. పొగాకు, సజ్జ, కంది. పొగాకును వేడి పెట్టి ఆరబెట్టే కొట్లు, బ్యారన్లు, మండే రోజుల్లో ఊరంతా ఆ ఘాటు వాసనే. కూలికి పోయిన ఆడవాళ్ళు చెట్టు నీడన వరసగా కూర్చుని పచ్చి ఆకును కర్రలకు కట్టేవాళ్ళు. చేతులు నల్లగా, జిగటగా అయ్యేవి. అన్నం కలుపుకున్నా చేదు తగిలేదనేది అమ్మ. ఆ నీడ కింద ఒక చోటు, బావి గట్టు మీద ఒక చోటు. మా ఊరి ఆడవాళ్ళు నలుగురు కలిసి కూర్చునేది ఆ రెండు చోట్లే.

అక్కడ మాట్లాడుకోని విషయం ఉండేది కాదు. ఏ పిల్లకి జ్వరం, ఏ ఇంట్లో గింజలు అయిపోయినాయి, బడి పంతులు ఎన్నాళ్ళుగా రావట్లేదు, వీధిలో మురుగు ఎవరి గుమ్మం ముందు నిలుస్తోంది, అన్నీ వాళ్ళకి తెలుసు. ఊరికి ఏం కావాలో వాళ్ళకి తెలిసినంతగా రచ్చబండ మీద ఎవరికీ తెలియదు. కానీ ఆ మాటలు బావి గట్టు దాటి పోయే దారి లేదు. తీర్మానాలన్నీ బండ మీద జరిగేవి. ఊరికి ప్రభుత్వం బోరు మంజూరు చేస్తే అది ఎక్కడ పడాలో ఆ బండ మీదే తేల్చారు. తేల్చినవాళ్ళలో ఒక్క రోజైనా బిందె మోసినవాళ్ళు లేరు. బోరు ఊరి పెద్ద ఇంటి దగ్గర పడింది. కింద వీధుల వాళ్ళకీ దళితవాడకీ మళ్ళీ బావి నీళ్ళే గతి.

లాంతరు వెలుగు

నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైన రోజులవి. 1990లు అప్పుడే మొదలయ్యాయి. ముందు కళాజాతా వచ్చింది. డప్పు చప్పుడుకి ఊరంతా బడి ముందు పోగయ్యింది. జనవిజ్ఞాన వేదిక వాళ్ళూ, కాలేజీ పిల్లలూ పాటలు పాడారు, నాటిక వేశారు. అది వెళ్ళిపోయిన కొన్ని రోజులకి, ఇంటర్ తప్పి ఇంటి దగ్గరే ఉంటున్న ఒక అన్న బడి వసారాలో రాత్రి బడి మొదలుపెట్టాడు. జీతం లేదు, భత్యం లేదు. రోజంతా పొలంలో నాయనకి సాయం చేసి, స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని వచ్చేవాడు.

"తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు" అన్న సామెత ఆ రోజుల్లో రచ్చబండ మీదనుంచి వినిపించినంతగా మళ్ళీ ఎప్పుడూ వినలేదు. పలకలు కొంగు కింద దాచుకుని, ఆ వెనక సందులోంచే బడికి పోయేవాళ్ళు. అమ్మ వెళ్ళేటప్పుడు లాంతరు పట్టుకునే పని నాది. కిరసనాయిలు వాసన, చిమ్నీకి పట్టిన మసి, చుట్టూ ముసిరే పురుగులు, మధ్యలో "అ... ఆ..." అంటూ గొంతులు. పగలంతా వంగి పనిచేసి వచ్చిన గొంతులవి. కొందరు అక్షరం దిద్దుతూ దిద్దుతూ పలక మీదే కునుకు తీసేవాళ్ళు. పక్కామె మోచేత్తో పొడిచి లేపేది.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. అన్నదమ్ములకే ఇద్దరినీ ఇచ్చారు గనక ఒకే ఊళ్ళో, ఎదురెదురు ఇళ్ళలో ఉండేవాళ్ళు. కొడవలి పట్టిన చేత్తో బలపం పట్టుకునేది. అది రోజూ విరిగేది. విరిగిన ముక్కలతోనే రాసేది. పేరు రాయడం వచ్చిన రాత్రి ఇంటికొచ్చి, పొయ్యిలో బొగ్గు తీసుకుని, వంటింటి గోడ మీద తన పేరు రాసింది. మా పెదనాయన పొద్దున్నే చూసి ఏమీ అనలేదు. సంక్రాంతికి సున్నం కొట్టేటప్పుడు ఆ కాస్త గోడా వదిలేసి కొట్టాడు.

మొదట్లో వసారాలో ఎవరి గోనెసంచి వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు ఒక పక్క, వాడలోవాళ్ళు ఒక పక్క. లాంతరు ఒక్కటే కాబట్టి వెలుగు కోసం జరుగుతూ జరుగుతూ దగ్గరికి వచ్చారు. వానాకాలం వచ్చి వసారా సగం తడిసేసరికి మిగిలిన సగంలోనే అందరూ సర్దుకోవాల్సి వచ్చింది. ఎవరో చెప్తే జరగలేదది. చెప్పి ఉంటే జరిగేదే కాదనుకుంటాను.

వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు ఒక సంసారాన్ని ఏం చేస్తుందో చెప్పే కథ. అన్న చదువుతుంటే వసారాలో కునుకు తీసేవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. చదవడం అయ్యాక ఒక అవ్వ అడిగింది. "నాయనా, ఈ సీతమ్మది మనూరేనా?"

జీపు ముందు

సారాయి గురించి ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాయిని ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. తాగే నీళ్ళు రాని ఊళ్ళకి కూడా జీపులో సారాయి వచ్చేది. మా ఊళ్ళో తెల్లవారుజామునే ఆ జీపు చప్పుడు వినపడేది. మలుపు దగ్గర గేరు మార్చేటప్పుడు ఒక గురగుర. ఆ చప్పుడుకి లేచే ఇళ్ళు కొన్ని, ఆ చప్పుడుకి ఏడ్చే ఇళ్ళు కొన్ని. కూలి డబ్బులు ఇచ్చే సాయంత్రం ఊరి చివర కొట్టు దగ్గర మనుషులు కిక్కిరిసిపోయేవాళ్ళు. చింపి పడేసిన ప్యాకెట్లు దారంతా కాళ్ళకి అంటుకునేవి. బడికి పోయే పిల్లలం వాటిలో నీళ్ళు నింపి ఆడుకునేవాళ్ళం. ఆ వాసన నాకు ఇప్పటికీ ఎక్కడ తగిలినా కడుపులో తిప్పుతుంది.

మా పక్కింటి అత్త పుస్తెలు ఆ కొట్టుకే పోయాయి. ఇంకొక ఇంట్లో విత్తనాలకి దాచిన కందులు పోయాయి. రాత్రిళ్ళు ఏ ఇంట్లోంచి ఏడుపు వస్తోందో గొంతును బట్టి చెప్పగలిగేవాళ్ళం పిల్లలం. అది చిన్నపిల్లలకి తెలియాల్సిన సంగతి కాదు.

దూబగుంట కబురు మాకు తొందరగానే వచ్చింది. కలిగిరి మండలంలోనే ఉండాది కదా ఆ ఊరు. అక్కడ ఆడవాళ్ళంతా ఒక్కటై సారాయి బండిని వెనక్కి పంపేశారని, కొట్టు మూయించారని, రోశమ్మ అనే ఆమె ముందు నిలబడిందని బస్సుల్లో, సంతల్లో, బ్యారన్ల దగ్గర ఒకటే మాట. తర్వాత ఆ దూబగుంట సంగతే 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంగా రాత్రి బడి పుస్తకంలోకి వచ్చింది. మనలాంటి మనుషులు చేసిన పని అచ్చులో ఉండటం చూసి మా అమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టి ఎన్నిసార్లు చదువుకుందో! అక్షరాలు రాకపోయుంటే ఆ కబురు ఒక కబురుగానే పోయేదేమో.

1992లో ఒక తెల్లవారుజామున మా ఊళ్ళో జీపు మలుపు దగ్గరే ఆగిపోయింది. దారికి అడ్డంగా ఆడవాళ్ళు కూర్చున్నారు. ఊళ్ళోవాళ్ళూ వాడలోవాళ్ళూ కలిసి, గోనెసంచులు పరుచుకుని. చీపుర్లు, కొంగులో కారప్పొడి. ముందు వరసలో ఎక్కువమంది రెక్కాడితేగానీ డొక్కాడని వాళ్ళే. ఆ ఉద్యమం జిల్లాలో ఎక్కడ చూసినా అంతే. కూలి చేసుకునే ఆడవాళ్ళు, దళితవాడల ఆడవాళ్ళు ముందు నడిచారు. మిగతావాళ్ళు వెనక వచ్చి కలిశారు. ఈ మాట ఎవరైనా మర్చిపోతే నాకు కోపం వస్తుంది.

నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. జీపులోంచి దిగినవాడు మొదట బుజ్జగించాడు, తర్వాత బెదిరించాడు. ఆఖరికి, "పొద్దెక్కతా ఉండాది, లేచి పనులకి పోండి" అన్నాడు. "మేం పనికే వచ్చినాం నాయనా" అంది పెద్దమ్మ. "ఈ పొద్దు ఇదే మా పని."

జీపు వెనక్కి తిరిగింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ కూర్చున్నారు. వంతులు వేసుకున్నారు. పసిపిల్లలున్న వాళ్ళకి తెల్లవారుజాము వంతు వద్దని, బాలింతలకి అసలు వద్దని, కూలి పోయిన వాళ్ళకి మిగతా వాళ్ళు తలా గుప్పెడు గింజలు ఇవ్వాలని వాళ్ళలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయాలు ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు. ఊరి దారి మీద, అందరూ చూస్తుండగా, మా ఊరి ఆడవాళ్ళు కూర్చోవడం అదే మొదలు.

నెల్లూరులో సారాయి వేలం పాటలు జరగకుండా చూడాలని జిల్లా నలుమూలల నుంచీ ఆడవాళ్ళు కదిలిపోయారు. మా ఊరి నుంచి ఒక లారీ ఎక్కి పోయారు. పెద్దమ్మకి నెల్లూరు చూడటం అదే మొదటిసారి. సద్ది మూటలు కట్టుకుని పోయి, పోలీసుల ముందు ఎండలో కూర్చుని, గొంతులు పోగొట్టుకుని వచ్చారు. పాట వాయిదా పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో సారాయి ఆపేశారు. ఆ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా నిషేధించారు. పేపర్లో ఆ వార్త వచ్చిన రోజు అన్న రాత్రి బడిలో చదవబోతే, "నువ్వు ఆగు, మేం చదువుతాం" అని కాగితం లాక్కుని, ఒక్కొక్కరు ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ చదివారు. చాలాసేపు పట్టింది. అన్నకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

రోజుకో రూపాయి

తర్వాత పొదుపులక్ష్మి వచ్చింది. రోజుకో రూపాయి దాచుకోవడం. సారాయికి పోయే డబ్బే అటు మళ్ళింది. సంఘం పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరి దగ్గర. లెక్క రాయడానికి మొదట్లో నన్ను పిలిచేవాళ్ళు. పేర్లు, పక్కన అంకెలు. కొన్నాళ్ళకి వాళ్ళే రాసుకున్నారు, నా పని పోయింది. డ్వాక్రా సంఘాలు, బ్యాంకు అప్పులు, గ్యాస్ పొయ్యిలు అవన్నీ తర్వాతి సంగతులు, అందరికీ తెలిసినవే. నాకు గుర్తున్నది మాత్రం ఒక్కటి. అప్పు తీసుకున్నామె కట్టలేకపోతే మిగతావాళ్ళు ఆమె గుమ్మం ముందు నిలబడి అరవలేదు. ఆమె చేనికి పోయి కలుపు తీసిచ్చారు.

సంతకం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాన్ని బట్టి రాష్ట్రంలో 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం చేశారు. పదవుల్లో మూడో వంతు ఆడవాళ్ళకి. 1995లో ఎన్నికలు వచ్చేసరికి మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకి పడింది. రచ్చబండ మీద రెండు రోజులు చర్చ జరిగింది. ఎవరి భార్యని నిలబెట్టాలన్నది చర్చ. పేరు ఖాయం చేసుకుని ఆ ఇంటికి కబురు పంపేలోపే సంఘం ఆడవాళ్ళు పెద్దమ్మ చేత నామినేషన్ వేయించారు. ఎన్నికలో తిట్లు చాలానే పడ్డాయి. అవి ఇక్కడ రాయను. ఆమె గెలిచింది.

మొదటి రోజు పంచాయతీ ఆఫీసులో ఒకే ఒక చేతుల కుర్చీ ఉంది. దాన్ని తుడిచి పెదనాయనకి వేశారు. పెద్దమ్మకి స్టూలు. వచ్చినవాళ్ళందరూ పెదనాయనకి దణ్ణాలు పెట్టి అర్జీలు ఆయన చేతికి ఇచ్చారు. ఆయన మంచివాడు, మాటకారి కాదు. కొన్నాళ్ళు అట్లాగే నడిచింది. ఆఫీసు కాగితాలు మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చేవి. పెద్దమ్మ పొయ్యి దగ్గర ఉంటే గుమాస్తా గుమ్మంలో నిలబడి, "ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా, ఇక్కడొకటి" అనేవాడు.

చేతులు తుడుచుకుని వచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, "చదువు" అనేది.

"ఏముందమ్మా, మామూలు కాగితాలే."

"మామూలుదే చదువు."

అతను గబగబా చదివితే మళ్ళీ నిదానంగా చదవమనేది. తర్వాత తన చేతికి తీసుకుని, వేలు పెట్టి తనే కూడబలుక్కునేది. పొయ్యి మీద కూర మాడిపోయిన రోజులు ఉన్నాయి. గుమాస్తాకి విసుగు. "ఇట్లయితే పనులు సాగవు" అని బయట చెప్పేవాడు. ఒకసారి గ్రావెల్ రోడ్డు బిల్లు వచ్చింది. ఇన్ని బండ్ల గ్రావెల్ తోలినట్టు అందులో రాసి ఉంది. పెద్దమ్మ ఆ అంకె దగ్గర ఆగిపోయింది. "ఆ దోవన నేను రోజూ గడ్డికి పోతుండా. ఇన్ని బండ్లు యాడ దోలినారు?" అంది. సంతకం పెట్టలేదు. కాంట్రాక్టరు వచ్చాడు, అతని మనుషులు వచ్చారు, దూరపు చుట్టాల చేత చెప్పించారు. పెట్టలేదు. మండలాఫీసు నుంచి కొలతలకి మనిషి వచ్చేదాకా ఆ కాగితం పప్పుల డబ్బా కింద ఉంది. కొలిచాక బిల్లు తగ్గింది. అప్పటినుంచి కాగితాలు ఇంటికి రావడం ఆగిపోయింది. పెద్దమ్మే ఆఫీసుకి పోయి కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే, ఎవరో పొరుగూరి పెద్దమనిషి వచ్చి అలవాటుగా పెదనాయనకి నమస్కారం పెట్టి "సర్పంచి గారూ" అన్నాడట. పెదనాయన కుర్చీలోంచి లేచి, "సర్పంచి లోపల రాస్తా ఉండాది, పిలుస్తా" అన్నాడు. మళ్ళీ ఆ కుర్చీలో ఆయన కూర్చోలేదు. ఈ సంగతి పెద్దమ్మ ఎన్నిసార్లు చెప్పినా అదే సంబరంగా చెప్పేది. తను సాధించిన వాటిలో అదే పెద్దదన్నట్టు చెప్పేది.

అంతకుముందు గ్రామసభకి చాటింపు మధ్యాహ్నం వేసేవాళ్ళు. ఆ వేళకి ఆడవాళ్ళంతా పొలాల్లో. సంతకాలు పుస్తకంలో పడేవి, సభ జరిగిపోయేది. పెద్దమ్మ దాన్ని పొద్దుగూకినాక పెట్టించింది, అదీ రచ్చబండ దగ్గర కాదు, బడి ముందు. రాత్రి బడి జరిగిన వసారా ముందే. ఆ చోటుకి రావడానికి ఆడవాళ్ళ కాళ్ళకి అలవాటు ఉంది. చాటింపు వేసే తాత డప్పు మీద నాలుగు దెబ్బలు వేసి, "ఆడోళ్ళు కూడా రావాలహో" అని ప్రత్యేకంగా అరిచేవాడు. మొదటిసారి ఆ అరుపు విని వీధిలో నవ్వారు. రెండోసారి ఎవరూ నవ్వలేదు.

కొత్త బోర్లు ఎక్కడ వేయాలన్నది ఆ సభలోనే తేలింది. పెద్దమ్మ చేసిన పని చిన్నది. అంతకుముందు వారం రోజులు ప్రతి వీధి ఆడవాళ్ళతో కలిసి బిందె పట్టుకుని వాళ్ళు నడిచే దారిన తనూ నడిచింది. సభలో లేచి ఏ వీధి వాళ్ళు ఎంత దూరం నుంచి మోస్తున్నారో చెప్పింది. ఎవరూ కాదనలేకపోయారు. మొదటి చేతిపంపు వాడలో పడింది. రెండోది కింద వీధిలో. ఆ పంపు కొట్టే కిర్రుకిర్రు చప్పుడు తెల్లవారకముందే మొదలయ్యేది. మా అమ్మ చీర ఆ తర్వాత తడవలేదు.

వీధి దీపాలు కొన్నే వచ్చాయి. రచ్చబండ దగ్గర ఒకటి, గుడి ముందు ఒకటి అని అందరూ అనుకున్నారు. పెద్దమ్మ మొదటిది ఊరి వెనక డొంక మొదట్లో వేయించింది. ఇళ్ళలో మరుగుదొడ్లు లేని కాలం. ఆడవాళ్ళు చీకటితో లేచి, పాములకీ మనుషులకీ భయపడుతూ ఆ డొంకలోకే పోవాలి. "ఎవరూ లేని చోట దీపం ఎందుకు?" అని సభలో ఒకాయన అడిగాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క మాట రాలేదు. అందరూ ఆయన్నే చూశారు. ఆయన ఇంట్లో కూడా ఆడవాళ్ళు ఉన్నారు. కాసేపటికి ఆయనే "సరే, అక్కడే వేయండి" అన్నాడు. ఆ ట్యూబులైటు కింద నడిచిన నాకు తెలుసు అది ఏమిటో. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లకి భయం లేకుండా తెల్లవారడం ఎంత పెద్ద సంగతో రోడ్లూ భవనాలూ లెక్కపెట్టే వాళ్ళకి అర్థం కాదు.

ఓడినవి

అన్నీ నిలబడలేదు. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తూనే మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలయ్యింది. 1997లో ఎత్తేశారు. సారాయి ప్యాకెట్లు పోయి సీసాలు వచ్చాయి. పెద్దమ్మ ఆ రోజు అన్నం తినలేదు. "లారీ ఎక్కి పోయి ఎండలో కూర్చున్న మమ్మల్ని ఒక్క మాట అడిగినారా?" అంది. అడగలేదు. ఆ ప్రశ్న ఈనాటికీ అట్లాగే ఉంది.

ఆడవాళ్ళకి పదవులిస్తే మొగుళ్ళే ఏలుతారని ఇప్పటికీ అంటుంటారు. చాలా ఊళ్ళలో అదే జరుగుతోంది, కాదనను. కానీ మా ఊళ్ళో ఎందుకు అట్లా జరగలేదో నాకు తెలుసు. మా ఆడవాళ్ళకి కుర్చీ ముందు రాలేదు. ముందు లాంతరు చుట్టూ కూర్చున్నారు, తర్వాత జీపు ముందు, ఆ తర్వాత పొదుపు పెట్టె చుట్టూ. ఆఖరున కుర్చీ వచ్చింది. దానిలో పెద్దమ్మ ఒక్కతే కూర్చున్నా వెనక అంతమంది ఉన్నారు. ఆమె సంతకం పెట్టనన్నప్పుడు ఆ కాంట్రాక్టరు మనుషులు గట్టిగా మాట్లాడలేకపోయింది అందుకే. చట్టం గొప్పదే, దాని విలువ తగ్గించను. కానీ చట్టం ఇచ్చే కుర్చీ దాకా నడిచి రావడానికి ఒక దారి ఉండాలి. అది ఊళ్ళోవాళ్ళే వేసుకోవాలి.

పదవి పోయాక

2001లో రిజర్వేషన్ మారింది. పెద్దమ్మ ఇంకెప్పుడూ పోటీ చేయలేదు. మళ్ళీ పొగాకు ఆకు కట్టడానికి పోయింది. కానీ గ్రామసభకి పోవడం మానలేదు. ఉపాధి హామీ వచ్చాక మట్టి తవ్వడానికీ పోయింది, ఆ వయసులో. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకటే కూలి అని విని నమ్మలేదు. స్లిప్పు చేతికి వచ్చాక రెండుసార్లు చదువుకుంది. సామాజిక తనిఖీ వాళ్ళు ఊళ్ళోకి వచ్చి మస్టర్లు, అంటే పనికి వచ్చినవాళ్ళ హాజరు పట్టీలు, చదువుతుంటే ముందు వరసలో కూర్చునేది. చచ్చిపోయిన వాళ్ళ పేరు మీద పని నడిచిందని ఒక ఏడు ఆమే పట్టుకుంది. ఆ పేరు చదవగానే, "ఆ మడిసికి నేనే నీళ్ళు పోసినా గదా కాటికి పోయేటప్పుడు" అని లేచి నిలబడింది.

2011లో రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో ఆడవాళ్ళ వాటా సగానికి పెరిగింది. 2021 ఎన్నికల్లో మా ఊరికి మళ్ళీ ఆడమనిషి సర్పంచి అయింది. డిగ్రీ చదివిన పిల్ల, మా ఊరి కోడలు. గెలిచాక జరిగిన మొదటి గ్రామసభకి నేను ఊళ్ళోనే ఉన్నాను. వేదిక మీద ఆ పిల్ల పక్కనే ఆమె భర్త కూర్చున్నాడు. సెక్రటరీ కాగితం ఇస్తే అతనే అందుకున్నాడు. లేచి మైకు పట్టుకుని, "మా పాలకవర్గం తరఫున..." అని మొదలుపెట్టాడు.

పెద్దమ్మ ముందు వరసలో కుర్చీ వేసుకుని ఉంది. చూపు మందగించింది, వినికిడి బాగానే ఉంది.

"ఎవర్రా మాట్లాడేది?"

పక్కనున్నామె చెప్పింది.

"నువ్వు కూర్చో నాయనా" అంది పెద్దమ్మ, గొంతు పెంచకుండానే. "ఓటు ఆ పాపకి వేసినాం. ఆ పాప చెప్తాది."

సభ అంతా ఆడవాళ్ళే ముందున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ గొణగలేదు. అతను మైకు భార్య చేతికి ఇచ్చాడు. ఆ పిల్లకి గొంతు వణికింది. మొదటి రెండు వాక్యాలు వినపడలేదు. "గట్టిగా అమ్మా" అని నాలుగు వైపుల నుంచీ అన్నారు. ఆ తర్వాత ఖాతాలో ఎంత ఉంది, బకాయిలు ఎంత, ఏ పనికి ఎంత అడుగుతున్నారు అన్నీ చదివింది. చదివింది మళ్ళీ చదవమన్నారు. చదివింది. సిమెంటు రోడ్డు ముందా, వాడలో మురుగు కాలువ ముందా అని చర్చ వచ్చింది. రోడ్డు కావాలన్నవాళ్ళు గట్టిగానే మాట్లాడారు. చేతులెత్తమన్నారు. కాలువ ముందు అని తేలింది. సర్పంచి అది పుస్తకంలో రాయించి, రాసింది తను చదివి, అప్పుడు సంతకం పెట్టింది.